కుడివైపు మర

తమ్ముడి సైకిలు ఫ్రేమును మూడేళ్ళ తరువాత కొక్కెం మీది నుంచి దించిన రోజే రామచంద్రప్పకు ఆ శబ్దం మొదటిసారి వినిపించింది. టక్. కొంచెం ఆగి మళ్ళీ, టక్.

ఫ్రేములో అప్పటికి ఏమీ లేదు. చక్రాలు లేవు, గొలుసు లేదు, పెడళ్ళను మోసే క్రాంకు లేదు, ఆ క్రాంకు ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ కూడా లేదు. బ్రాకెట్ కూర్చునే పొట్టి గొట్టం మాత్రం అడుగున రెండు వైపులా నోరు తెరుచుకుని ఉంది. తిరిగేది ఏదీ లేని చోట తిరుగుడు చప్పుడు.

ఆయన హోసూరులో ఒక ఫ్యాక్టరీ టూల్‌రూములో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నవాడు. వెంట్రుకలో పదోవంతు తేడాను వేలితో చెప్పగలడని పేరు. అందుకే మొదట భయపడలేదు, కారణం వెతికాడు. ఎండకు షెడ్డు రేకులు సాగుతున్నాయనుకున్నాడు. వాన కురిసి రేకులు చల్లబడ్డాక కూడా వచ్చింది. ఫ్యాను ఆపాడు. ఫ్రేమును తాడుతో దూలానికి వేలాడదీశాడు. మూడోరోజు మధ్యాహ్నం లెక్కపెట్టాడు. మెట్ట దారి ఎక్కే మనిషి పాదం మోపినట్టు నిదానంగా పదిహేడు సార్లు. ఆ వెనుక పల్లానికి దిగుతున్నట్టు వడివడిగా. ఆ వడిలోనే ఒక్కసారిగా నిశ్శబ్దం. ఎప్పుడు విన్నా అక్కడే ఆగేది. గొట్టం మీద అరచెయ్యి పెట్టి చూస్తే, అప్పుడే ఆగిన బేరింగులాగా గోరువెచ్చగా ఉండేది.

ఫ్రేము దించమన్నది నేత్ర, తమ్ముడు సుబ్రమణి కూతురు. ఇరవై ఏళ్ళ పిల్ల. సెల్‌ఫోన్ విడిభాగాల ఫ్యాక్టరీలో పని. జీతం అందిన ప్రతి నెలా ఒక భాగం చొప్పున కొంటూ తండ్రి సైకిలును మళ్ళీ నిలబెడుతోంది. పూర్తయ్యాక జవళగిరి అడవి దారిలో తొక్కాలని ఆమె కోరిక. సుబ్రమణి చనిపోయిన దారి అదే. పల్లంలో బండరాయి మీద పడ్డాడు. ఏనుగు ఎదురొచ్చి ఉంటుందని కొందరన్నారు, తడినేల జారిందని కొందరు. సైకిలు ఇంటికి చేరినప్పుడు కుడి క్రాంకు ఇరుసుతో సహా వేలాడుతోంది. ఆ ముక్కల్ని ఊడదీసి, గోనెలో చుట్టి, పాత ఇనుముకు వేసినవాడు రామచంద్రప్పే. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆదివారం పొద్దున సైకిలు షాపు పిల్లప్ప రెండు పెట్టెలు చంకన పెట్టుకుని వచ్చాడు. నేత్ర అప్పటికే షెడ్డులో ఉంది.

"ఇదో రామచంద్రప్పా, రెండు సంబంధాలు తెచ్చినాను. పిల్లను చూసి చెప్పండి," అన్నాడు. "ఇది బోలు ఇరుసుది. బరువు తక్కువ, గట్టి పిల్ల. కానీ దీని రెండు కొసల్లో ఉండే కప్పులు బిగుసుకోవాలంటే ఫ్రేములో మర, అదే త్రెడ్, సుద్దంగా ఉండాల. ఇంకొకటి చదరం ఇరుసుది, పాతకాలం మనిషి. లోపల తానే ఉబ్బి గొట్టాన్ని కరుచుకుంటాది, త్రెడ్‌తో పనే లేదు. త్రెడ్ పోయిన బండ్లకు పెట్టేది. ఇది మీకెందుకో నాకు తెలీదప్పా, నువ్వు తెమ్మన్నావు, తెచ్చినాను."

"నాకు బోలుదే," అంది నేత్ర. "క్రాంకు నూట అరవై ఐదు మిల్లీమీటర్లు, నా కాలికి సరిపోతాది. ముందర ముప్పై పండ్ల చక్రం చాలు, మెట్ట ఎక్కేదానికి. గొట్టం వెడల్పు కూడా కొలిచినాను, డెబ్బై మూడు."

"చూసినావా, మీ ఇంట్లో పిల్లోళ్ళకు పాలల్లో కొలబద్ద కలిపి తాపుతారు!" పిల్లప్ప నవ్వాడు. "మధ్యాహ్నం వస్తాను. వద్దన్నదాన్ని నాకిచ్చేయండి. రెండూ మీరే ఉంచుకుంటే ఇంట్లో జగడాలే."

అతడు వెళ్ళాడు. టక్ అంది ఫ్రేము. రామచంద్రప్ప నేత్ర ముఖం వైపు చూశాడు. ఆమె కొత్త క్రాంకును వెలుతురుకు పట్టి తిప్పుతోంది. కనురెప్ప కూడా కదలలేదు. టక్. ఆమెకు వినిపించడం లేదు.

"చదరందే పెడదాం మ్మా," అన్నాడు.

"ఎందుకు పెద్దనాయనా?"

"అది చెడిపోతే దారిలో తళ్ళి ఊళ్ళో అయినా దొరుకుతాది. బోలుదానికి మళ్ళా ఈడికే రావాల."

అది నిజమే. నిజానికి ఆ ఫ్రేముకు తగిన మందు కూడా అదే. ఆ సంగతే ఆయన్ను కలవరపెట్టింది. తప్పును సరిదిద్దడానికీ తప్పును దాచడానికీ ఒకే వస్తువు పనికి వచ్చేటప్పుడు, తాను ఏ పని చేస్తున్నాడో మనిషికి ఎలా తెలుస్తుంది? ఆ ఉబ్బే ఇరుసు లోపల కూర్చుంటే, గొట్టం లోపలి మర ఇంక ఏ కంటికీ కనబడదు.

నేత్ర ఒక్క క్షణం ఆలోచించి బోలు ఇరుసు పెట్టె పక్కకు జరిపింది. "సరే. నీ చేతి మీద నాకు నమ్మకం. నాయన గూడా అంతే గదా."

టక్, టక్, టక్. చప్పుడు పల్లానికి దిగింది. ఆగిపోయింది.

"నేత్రా," అన్నాడు రామచంద్రప్ప. "ఈడ వేలు పెట్టు. కుడి పక్క. లోపల తడుము."

ఆమె గొట్టంలోకి వేలు పోనిచ్చింది. రెండు చుట్లు మర చెరిగి నునుపుగా తగిలాయి. మూడో చుట్టు దగ్గర గరుకు అంచుకు వేలు ఆగింది.

"త్రెడ్ తెగిపోయిండాదే. ఎవరు చేసినారు?"

"నేనే."

తాను పోవడానికి ముందురోజు, ఆయుధపూజ సాయంత్రం, సుబ్రమణి కొత్త బ్రాకెట్ తెచ్చాడు. తెల్లారేసరికి జవళగిరికి బయలుదేరాలన్నాడు. రామచంద్రప్ప పనిముట్లన్నీ కుంకుమబొట్లతో, పూల కింద, పలక మీద వరుసగా ఉన్నాయి. పూజలో పెట్టినదాన్ని మరునాడు మళ్ళీ పూజ చేసేదాకా ముట్టకూడదు. ఆయన ముట్టలేదు. పక్కింటివాళ్ళ పైపు పానా అడిగి తెచ్చాడు. బ్రాకెట్ కప్పులు రెండూ చూపుకు ఒకటే. ఏది ఏ పక్కదో చెప్పే చిన్న అక్షరం చదవాలంటే భూతద్దం కావాలి, అదీ పూల కిందే ఉంది. కుడికి తిప్పితే బిగుస్తుందని ఎరిగిన చెయ్యి ఆయనది. సైకిలు కుడివైపు మర మాత్రం తిరగబడి ఉంటుంది, ఎడమకు తిప్పితేనే బిగుస్తుంది. ఆయన ఎడమ కప్పును కుడివైపు పెట్టాడు. అది మొరాయించింది. రంగు పేరుకుందనుకుని, పానాకు ఇనుపగొట్టం తొడిగి లాగాడు. లోపల లోహం కీచుమన్నాక గానీ తెలియలేదు. ఆ తరువాత సరైన కప్పునే, తెగిన మర మీద, జిగురు పూసి కూర్చోబెట్టాడు. సుబ్రమణి రెండు వీధులు తొక్కి వచ్చి, "టక్ అంటావుండాది అన్నా," అన్నాడు. "కొత్తది గదా, సర్దుకుంటాదిలే," అన్నాడు తాను.

ఇదంతా ఆయన తల వంచుకునే చెప్పాడు. చివర, "దానివల్లనే పడినాడో, ఇంక దేనివల్లనో, నాకు తెలీదు మ్మా. తెలుసుకోకూడదనే ఆ ముక్కలు పారేసినాను," అన్నాడు.

నేత్ర వేలు ఇంకా గొట్టంలోనే ఉంది.

"ఆ పొద్దున నాయన బయలుదేరేటప్పుడు తలుపు తీసింది నేనే. వాకిట్లో ఒక చుట్టు తొక్కి, శబ్దం ఎక్కువయింది అన్నాడు. పెద్దనాయనను లేపి చూపించు అన్నాను. 'సామాన్లు ఇంకా పూజలో ఉండాయి మ్మా, ఇప్పుడు చెప్తే అన్నకు సంకటం. వచ్చినాక చూపిస్తాలే' అన్నాడు."

ఆమె వేలు బయటికి తీసి, పాత గుడ్డకు తుడుచుకుంది. రెండు పెట్టెలకూ మూతలు పెట్టింది. "ఈ ఫ్రేములో ఇంక ఏదీ బిగించొద్దు. రెండూ పిల్లప్పకే ఇచ్చేయి. నేను వేరే ఫ్రేము చూసుకుంటాను. అది గూడా నువ్వే బిగించాల, నేను పక్కన నిలబడి చూస్తాను."

ఆయన తల ఊపాడు. ఆమె గుమ్మం దాకా నడిచి ఆగింది. వెనక్కు తిరగకుండానే చెవి ఒగ్గింది.

"పెద్దనాయనా, ఏమిది శబ్దం?"

రామచంద్రప్ప తలెత్తి చూశాడు. వేలాడుతున్న ఫ్రేము కదలడం లేదు. టక్.

"మెట్ట ఎక్కుతావుండేటట్ట ఉండాది," అంది నేత్ర, మెల్లగా.

ఆయన లెక్కపెడుతున్నాడు. పదిహేను, పదహారు, పదిహేడు. ఇక పల్లం రావాలి. రాలేదు. పద్దెనిమిది. పంతొమ్మిది. అదే నిదానంతో, ఒక్కొక్క అడుగే మోపుతూ, అది ఇంకా పైకి పోతూనే ఉంది.