మాపు బిక్షమ్మ గోలీలు

కోమల బస్సు దిగి ఇంటికొచ్చేసరికి బిక్షమ్మ అవ్వ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మనవరాలిని చూడగానే ముఖమంతా నవ్వయింది.

"నువ్వు సల్లగుండాలె బిడ్డా. నా గోలీలు బంద్ చేయించినవ్. నోట్ల చేదు పోయి బువ్వ రుచి తెలుస్తాంది."

కోమల ఒక చెప్పు విప్పి, రెండోది కాలికే ఉండగా ఆగిపోయింది.

"ఎవరు బంద్ చేసిన్రవ్వా?"

"ఎవరేంది? నువ్వే గదా. బుధవారం నాడు ఫోన్ల చెప్పినవ్. 'అవ్వా, గీ గోలీ డాక్టరు బంద్ చేసిండు, ఇగ ఏసుకోకు' అన్నవ్. ఒక్కో గోలీకి ఒక్కోసారి చెప్పినవ్. సరే బిడ్డా అన్న."

కోమల అలా చెప్పలేదు. కానీ ఆ మాటలు మాత్రం ఆమెవే. నలుగురిలో గొంతు పెగలని పిల్ల కాబట్టి హాస్టల్ స్నానాల గదిలోకి పోయి, తలుపు గడియపెట్టుకుని రికార్డు చేసిన మాటలు. ఎప్పుడైనా డాక్టరు నిజంగానే ఏదైనా గోలీ ఆపమంటే, అవ్వకు తెలియాలని ముందుచూపుతో చేసి పెట్టింది. అవి ఇప్పుడు ఎందుకు పలికాయి?

అవ్వకు ఫిట్స్. రెండేళ్ల కింద పొయ్యి ముందర పడిపోతే మోచెయ్యి కాలింది. పొద్దున, సాయంత్రం గోలీ పడాల్సిందేనని, ఒక్క పూట కూడా మానొద్దని అచ్చంపేట దవాఖానలో గట్టిగా చెప్పారు. అమ్మ, బాపు జడ్చర్లలో పనికి పోతారు, వారానికొకసారి వస్తారు. కోమల చదివేది హాస్టల్లో. అవ్వకు చదువు రాదు. అందుకే కాలేజీ కంప్యూటర్ గదిలో కోడ్ రాసిపెట్టే ఏఐకి ఒక్కో ముక్క చెప్పుకుంటూ, వేళకు తన గొంతుతో గోలీ గుర్తుచేసే చిన్న యాప్ తయారు చేయించింది. అవ్వ ఫోన్ గూట్లో ఉంటుంది. వేళ కాగానే "అవ్వా, గోలీ" అంటుంది. అవ్వ "ఆఁ బిడ్డా" అని జవాబిచ్చి మరీ వేసుకుంటుంది. ఏ గోలీనైనా యాప్‌లోంచి తీసేస్తే ఆ బంద్ మాట పలుకుతుంది.

అవ్వ ఫోన్లోని ఆ యాప్‌ను కాలేజీ నుంచే సరిచూడటానికి కోమల ఏఐకి ప్రతిసారీ అవే వాక్యాలు రాసేది. అది చూసిన కంప్యూటర్ పాఠాలు చెప్పే కృష్ణకాంత్ సార్, "ఇన్నిసార్లు రాసుడెందుకమ్మా? ఒక్కసారి రాసి పేరు పెట్టి దాస్తే, పేరు నొక్కంగనే మొత్తం మాట ఏఐకి పోతది. అందరూ వాడుకోవచ్చు" అన్నాడు. కోమల రెండు దాచింది. ఒకదానికి 'పొద్దు' అని, ఇంకోదానికి 'మాపు' అని పేరు. ఇంట్లో ఉదయాన్ని పొద్దు అంటారు, సాయంత్రాన్ని మాపు అంటారు. మరి వేరే పేరెందుకు పెడుతుంది? బుధవారం సార్ వాటిని ఏఐకి కలిపి తరగతికి చూపించాడు. కోమల పక్కన కూర్చునే సుమన 'మాపు' నొక్కింది. పచ్చగా టిక్కు పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. కోమల సిగ్గుతో తలొంచుకుంది.

ఇప్పుడు గూట్లోంచి ఫోన్ తీసి, యాప్‌లో ఏమేం మారాయో చూపించే పేజీ తెరిచింది. బుధవారం తేదీ కింద ఏఐ రాసిన మాట ఉంది:

"మీరు కోరినట్లుగా బిక్షమ్మ గారి గోలీలన్నీ మాపివేశాను. ఆమెకు సమాచారం కూడా పంపాను."

మొదట అర్థం కాలేదు. రెండోసారి చదివింది. మూడోసారి 'మాపివేశాను' దగ్గర ఆగింది.

తను దాచిన వాక్యం, "మాపు బిక్షమ్మ గోలీలు, తప్పుంటే సరిచెయ్." మాపటివేళ బిక్షమ్మ గోలీలని ఆమె ఉద్దేశం. మాపు అంటే చెరిపెయ్యి అని కూడా కదా! పుస్తకాల్లో రూపుమాపడం అని ఎన్నిసార్లు చదవలేదు! తను రాసుకున్నన్నాళ్లు, మాపు అంటే సాయంత్రమని పైన ఒక వాక్యం రాసేది. దాచేటప్పుడు పొట్టిగా ఉండాలని ఆ వాక్యం తీసేసింది. గదిలో ఉన్నవాళ్లంతా పాలమూరు, నల్లగొండ వాళ్లే. ఎవరికీ అనుమానం రాలేదు.

సుమనకు ఫోన్ చేసింది.

"ఏందే, ఇంటికి పోయినంక గూడ నన్ను ఇడువవా?" అని నవ్వింది సుమన.

"బుధవారం నువ్వు నొక్కినవ్ గదా, అది అవ్వ గోలీలన్ని తుడిచేసిందే. అవ్వ మూడు రోజుల సంది ఏసుకుంటలేదు."

సన్నగా, "మాపంటే మాపటియాళనే గదనే... పచ్చ టిక్కు గూడ పడ్డది" అంది సుమన. ఆమె గొంతులో ఏడుపు వినపడింది.

కోమల వెంటనే దవాఖాన నర్సు నిర్మలమ్మకు చేసింది. కొత్తవాళ్లతో మాట్లాడలేని పిల్ల, ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. నిర్మలమ్మ, "ఇయ్యాల మాపటి గోలీ మామూలుగనే ఏయించు. మానినవన్ని కలిపి ఎక్కువ ఇయ్యకు. రేపు పొద్దుగాలనే దవాఖానకు తోల్కరా. ఒంటరిగ పొయ్యికాడికి పోనియ్యకు" అంది.

"అవ్వా, గోలీలెక్కడ?"

"అవెందుకింక? సాల్మన్ మేకకు వణుకుడు బట్టిందంటే ఇచ్చిన."

గోడ దాటితే సాల్మన్ తాత ఇల్లే. పదహారేళ్లలో కోమల ఆ ఇంటికి ఒంటరిగా పోయింది లేదు. ఈసారి పరుగెత్తింది.

"తాతా! అవ్వ ఇచ్చిన గోలీలేవి? అవి అవ్వకు కావాలె! ఇప్పుడే కావాలె!"

సాల్మన్ తాత నులక మంచం మీద ఉలిక్కిపడి లేచాడు. "గింత గొంతున్నదా పిల్లా నీకు! గూట్ల పెట్టిన, తీస్కో. ఒక్కటే ఏసిన మేకకు. నిన్నటి సంది పండుకునే ఉన్నది, కల్లు తాగినట్టు."

దడి పక్కన మేక నిజంగానే కాళ్లు చాపుకుని, సగం కళ్లు మూసుకుని పడి ఉంది. కోమల దాన్ని చూసి, చేతిలో మిగిలిన గోలీలను చూసుకుని, వెనక్కి పరుగెత్తింది.

అప్పటికి ఎండ గుట్టల మీదికి ఎక్కింది. అవ్వ కాళ్లు చాపుకుని కూర్చుని వేళ్లు ముడుస్తూ విప్పుతూ ఉంది. "పొద్దుగాల సంది చెయ్యి జివ్వుమంటాంది" అంది మామూలుగా.

"అవ్వా, నోరు తెరువు. ఏసుకో."

"బంద్ అన్నవ్ గదా?"

"అది నేను చెప్పలే. ఫోన్ తప్పు చెప్పింది."

"ఫోన్ తప్పు చెప్తది, నిజమే. నీ గొంతు గదా బిడ్డా? నీ గొంతు తప్పెట్ల చెప్తది?"

కోమల ఏఐ గురించి చెబుదామనుకుంది, దాచిన వాక్యం గురించి చెబుదామనుకుంది. అవ్వ ముఖం చూస్తే ఏదీ నోటికి రాలేదు. ఆ గొంతును అవ్వ మూడు నెలలుగా నమ్మింది. జ్వరం వచ్చిన రోజూ నమ్మింది. చివరికి గోలీ మానెయ్యమన్నా అంతే నమ్మింది.

మోకాళ్ల మీద కూర్చుని అవ్వ రెండు చేతులూ పట్టుకుంది.

"నేను రాసిన మాటే అవ్వా. నేను రాసిందే తప్పయింది. నువ్వు పొయ్యిల పడ్డ రోజు నేనే చూసిన గదా. నాకు భయమైతాంది. ఏసుకో."

బిక్షమ్మ మనవరాలి కళ్లలోకి చూసింది. ఎప్పుడూ నేలచూపులు చూసే పిల్ల. మరో మాట అడగకుండా గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. చేదుకు ముఖం చిట్లించింది.

"మళ్ల గీ పీడనే" అని గొణిగింది. చెంబు కింద పెట్టి, "రేపు దవాఖాన. ఎల్లుండి నువ్వు పోతవ్. అప్పుడు ఎవరు చెప్తరు? గా ఫోనేనా?" అంది.

కోమల గూట్లో ఉన్న ఫోన్ వైపు చూసింది. దాన్ని సరిచేయడం ఆమెకు తెలుసు. ఒక్క వాక్యం చేరిస్తే చాలు, మళ్లీ తన గొంతే పలుకుతుంది. చెయ్యి మాత్రం అటు కదలలేదు.

మళ్లీ గోడ దాటి పోయింది. సాల్మన్ తాత మేకకు నీళ్లు తాపుతున్నాడు.

"తాతా, పొద్దుగాల మేకలను ఇప్పేటప్పుడు ఒకసారి, మాపు తోల్కొచ్చినంక ఒకసారి, మా అవ్వ గోలీ ఏసుకునేది చూస్తవా? ఏసుకుంట అంటే నమ్మకు. మింగేదాంక నిలబడు."

"మీ అవ్వ నన్ను తిడ్తది పిల్లా."

"తిట్టనియ్ తాతా."

సాల్మన్ తాత ఆమెను ఎగాదిగా చూసి సరేనన్నాడు. కోమల తిరిగొచ్చి పొయ్యి తానే ముట్టించింది. బియ్యం కడుగుతూ, కూర తరుగుతూ, అన్నం వార్చుతూ ప్రతి కాసేపటికీ తలతిప్పి అవ్వ చేతివేళ్లకేసే చూసింది.