నా పేరున రాసిన మూడు మోతలు

నేను ఒక నల్లటి టెలిఫోనును. బరువు రెండు కిలోల మూడు వందల గ్రాములు. ఈ తూకం నా అంతట నేను చెప్పుకుంటున్నది కాదు. నన్ను బిగించిన రోజున మా శెట్టిగారు నిమ్మకాయలు తూచే కాటా మీద పెట్టి చూసిన లెక్క. దరఖాస్తు పెట్టి తొమ్మిదేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న వస్తువు ఎంత తూగుతుందో తెలుసుకోకుండా ఆయన బల్ల మీద పెట్టుకోలేరు. వ్యాపారస్తుడి దగ్గర పెరిగాను కాబట్టి నాకూ అదే అలవాటైంది. ఏది ఎంత తూగింది, తరుగు ఎంత పోయింది అని చూస్తాను. ఇప్పుడు ఈ గోదాములో దుమ్ము కొట్టుకుపోయి నా బతుకును తూకం వేసుకుంటుంటే ఒక్కచోట కాటా ముల్లు సరిగా నిలవడం లేదు. అది చెప్పడానికే నోరు విప్పాను. కోపంగానే చెబుతాను.

పుట్టింది బెంగుళూరు వైపు ఒక ఫ్యాక్టరీలో. కడుపులో రెండు ఇత్తడి గంటలు, వాటి మధ్య ఒక చిన్న సుత్తి. అదే నా గొంతు. 1971లో గుంటూరు జిల్లాలో ఒక నిమ్మకాయల ఊరికి వచ్చాను. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడి టెలిఫోను ఆఫీసువాళ్ళు మళ్ళీ ‘రింగు వెళ్తోందండీ’ అంటారు. ఆ మాట ఇంకోసారి వినే ఓపిక నాకు లేదు.

కొట్టు దేవతి భావనారాయణ గారిది. రైతులు తెచ్చిన కాయను బయటి ఊళ్ళకు పంపే కమీషన్ వ్యాపారం. నా నంబరు 288. తర్వాత దాని ముందు ఒక అంకె తగిలించారు, ఆ తర్వాత ఇంకొకటి. అంకెలు పెరిగేకొద్దీ నన్ను గుర్తుపెట్టుకునేవాళ్ళు తగ్గారు.

ఆ రోజులు బంగారమని నేననను. పొద్దున్నే కలకత్తా ధర కోసం ట్రంకు కాల్ బుక్ చేస్తే, అది కలిసేసరికి శెట్టిగారు అన్నం తిని చెయ్యి కడుక్కునేవారు. కలిశాక కూడా అరిచి మాట్లాడాల్సిందే. మార్కెట్టు మొత్తానికీ మా ధర తెలిసిపోయేది. లైన్‌మన్ యోహానుకి దసరా మామూలు, క్రిస్మస్ మామూలు, మధ్యలో నిమ్మకాయల సంచీ. ఇవన్నీ నష్టం కిందే రాయండి, నేను కాదనను. కానీ ట్రంకు ఆపరేటర్ విశాలాక్షి, శెట్టిగారు కొట్లో లేకపోతే ఊరుకునేది కాదు. ఎదుటి మందుల షాపుకి ఫోన్ చేసి, “శెట్టిగారిని కేకెయ్యండి, మూడు గంటల తర్వాత కలకత్తా దొరికింది, వదిలితే రేపే” అనేది. ఆమెకు ఆ జీతంలో ఆ పని లేదు. అయినా చేసేది.

యోహానుకి ఇంకో పద్ధతి ఉండేది. నాకు మాట పడిపోతే సైకిల్ మీద వచ్చి, స్తంభమెక్కి, అక్కడినుంచే ఎక్స్ఛేంజికి చెప్పి నన్ను మోగించేవాడు. దిగి కొట్లోకి వచ్చి, మరమ్మతు అయిందన్న చీటీ వెంటనే తీసేవాడు కాదు. “ఇంకోసారి మోగనీయండి శెట్టిగారూ. మీ చెవులతో మీరు విన్నాకే సంతకం. నా మాట మీద పెట్టమాకండి” అనేవాడు. నేను మోగేదాన్ని, శెట్టిగారు వినేవారు, సంతకం పెట్టేవారు. నేను మోగకుండా నా మరమ్మతు అయిపోయిందని రాసుకున్న చీటీ ఆ ముప్పై ఏళ్ళలో ఒక్కటీ లేదు.

అప్పట్లో వీధికంతటికీ నేనొక్కదాన్నే. జనం పెళ్ళి కార్డుల మీద, ఉద్యోగం దరఖాస్తుల మీద నా నంబరు వేసుకుని పక్కన ‘పి.పి.’ అని రాసుకునేవారు. ఫోను మాది కాదు, పిలిచి ఇస్తారు అని దాని అర్థం. ఒక దశలో నలభై ఒక్క ఇళ్ళకు నేను పి.పి. నంబరును. ఒక్కరూ శెట్టిగారిని ముందుగా అడిగిన పాపాన పోలేదు. ఆయన సణుక్కునేవారు. సణుక్కుంటూనే, “మస్తాన్‌బీ, ఎవరో చూడు” అనేవారు.

మస్తాన్‌బీ మా కొట్లో కాయలు ఏరే మనిషి. పచ్చికాయ ఒక పక్క, పండుకాయ ఒక పక్క, మచ్చకాయ గంపలోకి. నేను కొట్లోకి వచ్చిన మూడో ఏడు పనిలో చేరింది. ఆమె గొంతుకు మార్కెట్టులో పేరుంది. గుమ్మంలో నిలబడి, “రాజ్యలక్ష్మమ్మా, బందరు నించి ఫోను, పరిగెత్తమాక, పెట్టేయొద్దని చెప్పా” అని కేకేస్తే నాలుగో సందులో వినపడేది. ఎవరికి మనవడు పుట్టాడో, ఎవరి సంబంధం తప్పిపోయిందో వాళ్ళకంటే ముందు ఆమెకు తెలిసేది. ముప్పై రెండేళ్ళు అందరినీ నా దగ్గరికి పిలిచింది. ఆమె పేరున మాత్రం నాకు ఒక్క ఫోనూ రాలేదు. ఈ లెక్క గుర్తుంచుకోండి.

2004లో ఒక బస్తా దిమ్మరిస్తుంటే అందులో విరిగిన నిమ్మ కొమ్మ ఎగిరి ముల్లు ఆమె కుడికంట్లో తగిలింది. నెల తిరిగేసరికి కంట్లో పువ్వేసింది. రెండేళ్ళు ఒంటి కన్నుతోనే ఏరింది. మచ్చకాయలు మంచికాయల్లోకి పోతుంటే పక్కవాళ్ళు చూసీ చూడనట్టు సర్దేవారు. శెట్టిగారికి తెలుసు. ఆయనకు తెలుసని ఆమెకూ తెలుసు. రెండో కన్ను కూడా మసక మొదలయ్యాక ఆయనే ఆమెను పట్నంలో కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. చచ్చిపోయినవాళ్ళు దానమిచ్చిన కంటి పొర దొరికితే అతికిస్తామని, దొరికిన రోజే ఫోన్ చేస్తామని, మర్నాడు పొద్దున కల్లా రాకపోతే వరసలో తర్వాతివాళ్ళకు ఇచ్చేస్తామని చెప్పారు. కాగితంలో నా నంబరు రాసి, పక్కన పి.పి. అని రాసి వచ్చారు.

ఆమె ఆ రోజు నన్ను కొంగుతో తుడిచింది. “ఇన్నాళ్ళకు నాకోసం మోగబోతున్నావు. గొంతు సరిచేసుకో” అంది.

నెలన్నర తర్వాత రోడ్డు వెడల్పు చేస్తామని మార్కెట్టు ముందు తవ్వారు. ఎనిమిదో తేదీ, ఆ మధ్యాహ్నమే నా గొంతు పడిపోయింది.

యోహాను అప్పటికే రిటైరయ్యాడు. శెట్టిగారు పక్క కొట్టువాళ్ళ సెల్‌ఫోన్ తెచ్చి ఫిర్యాదు నంబరుకి చేశారు. మనిషి లేడు, రికార్డు చేసిన ఆడగొంతు ఉంది. తెలుగు కోసం ఒకటి నొక్కమంది, మరమ్మతు కోసం మూడు నొక్కమంది, ఫిర్యాదు సంఖ్య అని పదకొండు అంకెలు చెప్పింది. ఆయన పొట్లం కాగితం మీద రాసుకున్నారు. రెండో రోజు మళ్ళీ చేస్తే, “మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. ధన్యవాదములు” అంది. కొత్త ఫిర్యాదు పెట్టారు. మూడో రోజు అదీ పరిష్కరించబడింది. ఎనిమిది రోజుల్లో నేను నాలుగుసార్లు బాగుపడ్డాను. ఒక్కసారీ మోగలేదు. ఒక్క మనిషీ స్తంభం వైపు తలెత్తి చూడలేదు.

“వచ్చిద్దిలే శెట్టిగారూ. ముప్పై ఏళ్ళు రానిది, ఈ వారంలోనే వచ్చిద్దా ఏంది?” అంది మస్తాన్‌బీ. అంటూనే కాయలు ఏరే చోటును గుమ్మం దగ్గర నుంచి నా బల్ల పక్కకు మార్చుకుంది.

తొమ్మిదో రోజు పోస్టుకార్డు వచ్చింది. ఆస్పత్రి నుంచి. శెట్టిగారు మనసులో ఒకసారి చదువుకుని, తర్వాత పైకి చదివారు. ‘పదకొండో తేదీన మీకు మూడుసార్లు ఫోన్ చేశాము. మూడుసార్లూ రింగు వెళ్ళినది. ఎవరూ ఎత్తలేదు. కంటి పొర వేరొకరికి ఇవ్వబడినది. పదిహేను రోజులలో సమాధానం రానిచో మీకు అవసరం లేదని భావించి పేరు తొలగిస్తాము.’

మస్తాన్‌బీ చేతిలో ఉన్న కాయ ఏ గంపలో వెయ్యాలో తెలియనట్టు చాలాసేపు పట్టుకుంది.

“పదకొండున నేను ఇక్కడే ఉన్నా. దీని పక్కనే” అంది.

“మోగలేదు మస్తాన్‌బీ. నేనూ ఇక్కడే ఉన్నాను.”

“మరి రింగు పోయిందని రాశారే.”

శెట్టిగారు కార్డు మీద తేదీ మళ్ళీ చూశారు. నా గంటలు నా కడుపులోనే ఉన్నాయి, సుత్తి కదల్లేదు. అయినా పట్నంలో ఎవరో నర్సమ్మ చెవిలో నేను ట్రింగు ట్రింగుమని మూడుసార్లు పలికానట. నేను పలుకుతుంటే శెట్టిగారు, మస్తాన్‌బీ పట్టించుకోకుండా కూర్చున్నారట.

ఆ సాయంత్రం ఆస్పత్రికి జవాబు రాస్తూ శెట్టిగారు అలవాటుగా నా నంబరు వెయ్యబోయారు. మస్తాన్‌బీ ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

“వద్దులే శెట్టిగారూ. టీ కొట్టు బాషా దగ్గర సెల్లుంది. అది రాయండి.”

నలభై ఒక్క ఇళ్ళకు పి.పి. నంబరును. నన్ను వద్దన్న మొదటి మనిషి, అందరినీ నా దగ్గరికి పిలిచిన మనిషే. శెట్టిగారు ఆ సెల్ నంబరు రాశారు. కలం మూత పెట్టి, నా తీగ గోడ దగ్గర ఊడబీకారు.

మర్నాడు నన్ను చంకలో పెట్టుకుని టెలిఫోను ఆఫీసుకి వెళ్ళారు. కౌంటర్‌లో కుర్చీలో కూర్చున్న గుమాస్తా కంప్యూటరులో చూశాడు.

“మీ కంప్లయింట్ క్లోజ్ అయిపోయింది పెద్దాయనా. నాలుగుసార్లు.”

“ఎవరు చేశారు బాబూ?”

“సిస్టమే చేస్తుంది. ఇరవై నాలుగు గంటలు దాటితే క్లోజ్ అయిపోద్ది.” అతను తన ఫోను ఎత్తి నా నంబరు కొట్టాడు. రిసీవరు శెట్టిగారి వైపు చాపాడు. “చూడండి. రింగు వెళ్తోందండీ. మీరే ఎత్తట్లేదు.”

శెట్టిగారు విన్నారు. తర్వాత నన్ను తీసి అతని కాగితాల మీద పెట్టారు. నా తీగ కౌంటర్ మీంచి వేలాడుతోంది.

“నువ్వు మోగిస్తున్న ఫోను ఇదే నాయనా. నీ ముందే ఉంది. ఎత్తు.”

గుమాస్తా నన్ను చూశాడు, రిసీవరును చూశాడు. అందులో ఇంకా రింగు వెళ్తూనే ఉంది. ఆ మోత ఎక్స్ఛేంజి చేసేది; దానికి నాతో పనిలేదు.

“ఒక మనిషి కన్ను పోయింది ఈ రింగు వల్ల. మా యోహాను అయితే నేను వినకుండా చీటీ మీద సంతకం పెట్టించుకునేవాడు కాదు. మీరు ఎవరి చెవులతో విని రాసుకున్నారు?”

“అది మా చేతుల్లో లేదండీ. లైను కావాలా, సరెండర్ చేస్తారా?”

“నా చేతుల్లో ఉన్నది నేను చేస్తాను” అని శెట్టిగారు కాగితం మీద సంతకం పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు. నిబంధన ప్రకారం పరికరం ఆఫీసుది. నన్ను గోదాములోకి విసిరారు. అక్కడ నాలాంటివి రెండు వందలున్నాయి, తీగలు మెడకు చుట్టుకుని.

ఆరు నెలల తర్వాత శెట్టిగారు మళ్ళీ వచ్చారు. నన్ను అప్పజెప్పినా నా పేరున నెలనెలా బిల్లు వస్తూనే ఉందట. పరికరం అందినట్టు ఆధారం చూపించమన్నారట. గోదాము తాళం తీశారు. శెట్టిగారి వెనక మస్తాన్‌బీ ఉంది. కళ్ళకు నల్లద్దాలు. బాషా టీ కొట్లో సెల్ మోగిందని, మర్నాడు పొద్దున ఐదింటికల్లా ఆస్పత్రి గుమ్మంలో ఉన్నారని, కుడికంటికి పొర అతికించారని వాళ్ళ మాటల్లో నాకప్పుడు తెలిసింది.

“ఇందులో మీదేదో ఎట్టా చెప్తారు పెద్దాయనా? అన్నీ నల్లవే” అన్నాడు గుమాస్తా.

మస్తాన్‌బీ అద్దాలు తీసింది. వంగి, రెండు కళ్ళతో ఆ గుట్టను కాయలు చూసినట్టు చూసింది. నాలుగు పక్కకు తోసి నన్ను బయటికి లాగింది.

“ఇదుగో. కింద నిమ్మరసం మరక, ఆరో అంకె దగ్గర బీట. మచ్చకాయను నేను గుర్తుపట్టకపోతే ఎవరు పడతారు?”

రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకుంది. ఏమీ వినపడదని ఆమెకు తెలుసు. “నీ తప్పు కాదులే” అంది, నాకు మాత్రమే వినపడేట్టు. ఆ గొంతు అంత తగ్గడం నేను ఎన్నడూ వినలేదు.

గుమాస్తా నాకు చీటీ కట్టాడు. నంబరు, తేదీ, ఆ కింద కంప్యూటరులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాడు: ‘ఫిర్యాదులు నాలుగు, అన్నీ పరిష్కృతం. రింగు వెళ్ళినది, వాడుకదారు ఎత్తలేదు.’ తాళం వేసుకుని వెళ్ళిపోయారు.

ఆ చీటీ ఇప్పటికీ నా మెడలో ఉంది. ఈ గోదాము అమ్మేసేవాళ్ళకు, నన్ను కరిగించేవాళ్ళకు చెబుతున్నాను. ముప్పై అయిదేళ్ళు నేను మోగిన మోతలు ఎవరూ లెక్కపెట్టలేదు, వాటి ఊసు నేనెత్తను. కానీ పదకొండో తేదీన వెళ్ళిందంటున్న ఆ మూడూ నావి కావు. నా పేరున ఉన్న చీటీలోంచి అవి కొట్టేసి, ఆ తర్వాత కరిగించుకోండి.