పూతరేకుకి దురద

మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక పెరటి వరండాలో నల్ల జాకెట్టుముక్క పరిచి, దాని మీద కుందేలును కూర్చోబెట్టి పేల దువ్వెనతో వెన్ను దువ్వుతున్నాను. మా అమ్మాయి శ్రీదివ్య హాస్టల్‌కి వెళ్తూ నాకు అప్పగించిన కుందేలిది. తెల్లగా, తేలిగ్గా ఉందని పూతరేకు అని పేరు పెట్టింది. వారం నుంచి ఒకటే గోక్కుంటోంది. మెడ వెనక బొచ్చు ఊడి గులాబీరంగు చర్మం కనిపిస్తోంది. నిన్న భోజనాల దగ్గర మా ఆయన తీర్పు చెప్పేశారు. "ఇంటికంతా అంటిస్తుంది. ఆదివారం రావులపాలెం నుంచి పోతురాజు వచ్చి పట్టుకెళ్తాడు. పెంచుకుంటాడో వండుకుంటాడో నేనడగలేదు." చెప్పి, ఇంకాస్త పప్పు వెయ్యమని కంచం ముందుకు జరిపారు. వేశాను కూడా.

"ఏంటమ్మా సూర్యకళా, కుందేలుకి పేలు చూస్తున్నావా? నా తల ఎప్పుడైనా చూశావా?" గుమ్మం లోపలి నుంచే అడిగారు అత్తగారు జగదాంబ గారు. మడి మనిషి, కుందేలు ఛాయలకే రారు. "నువ్వు మార్చిన బట్టల పౌడరు పుణ్యమాని నా చేతులు చూడు, ఒకటే దద్దుర్లు." నాలుగైదు రోజులుగా ఆ పౌడరు నేరం నా మీద నడుస్తోంది.

పూతరేకు చెవులు తిప్పి చూశాను, లోపల పక్కులు లేవు. పడుకునే గడ్డి పొడిగానే ఉంది. గుడ్డ మీద రాలిన తెల్లటి చుండ్రును కళ్లజోడు పెట్టుకుని అలాగే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి అందులో ఒక పొట్టు నడిచింది. డిగ్రీలో చదివిన జువాలజీని ఇరవై రెండేళ్లుగా బొద్దింకల మందు కొట్టడానికే వాడుకున్నదాన్ని. ఆ పురుగును చూస్తే పాత స్నేహితురాలు ఎదురైనట్టనిపించింది.

సాయంత్రం బుట్టలో పెట్టుకుని తణుకులో పశువుల డాక్టరు సారిక గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఇంజెక్షన్ చేసి, రెండు వారాలకి మళ్లీ రమ్మన్నారు. "కుక్కల మందులు మాత్రం తెచ్చి వేసెయ్యకండి, ప్రాణం మీదికొస్తుంది. దీన్ని ఒళ్లో పెట్టుకునేదెవరండీ?" నా ముంజేతుల మీది ఎర్రటి పొక్కులు చూపించాను. "అవేనండి. దీనికి తగ్గితే మీకూ తగ్గిపోతాయి. ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా?"

లేవండీ అనబోయి ఆగిపోయాను.

ఇంటికొచ్చి కాలమైన్ సీసాతో అత్తగారి పక్కన కూర్చున్నాను. రెండు ముంజేతుల లోపలివైపు, జాకెట్టు అంచు కింద పొట్ట మీద, అచ్చం నావిలాంటివే. ఏమీ అడక్కుండా దూదితో అద్దడం మొదలుపెట్టాను. ఆవిడ కిటికీ వైపు తిరిగారు.

"నువ్వు నడుం వాల్చాక కాసేపు ఒళ్లోకి తీసుకుంటున్నాలే. తర్వాత మళ్లీ స్నానం చేస్తున్నా."

అమ్మకి భక్తి ఎక్కువై మధ్యాహ్నం కూడా స్నానం చేస్తోందని మా ఆయన షాపులో అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నారు. నవ్వు ఆపుకున్నాను.

"ఈ ఇంట్లో నా దగ్గరికొచ్చి కూర్చుని, ఏదీ అడగనిది అదొక్కటేనే," అన్నారావిడ. "కాఫీ అడగదు. తాళాలడగదు. మీ మావయ్య బతికుండగా కూడా ఎవరూ అలా వచ్చి కూర్చోలేదు."

నేనూ కూర్చోలేదు. మందు ఆరేదాకా ఆ చెయ్యి నా చేతిలోనే ఉంచుకున్నాను.

ఆదివారం పొద్దున్న మా ఆయన ఫోన్ చూస్తూ, "పోతురాజు బయల్దేరాడంట. బుట్టలో పెట్టి ఉంచు," అన్నారు.

"దురదున్నవాళ్లని పంపెయ్యడమేనా అండీ? అయితే ముగ్గురం ఉన్నాం. కలిపే పంపండి."

"ముగ్గురేంటి? నువ్వు, కుందేలు... ఇంకెవరు?"

చెప్పలేదు. అది నేను చెప్పేది కాదు. దేవుడి గదిలో గంట సగంలో ఆగింది. అత్తగారు తడి మడిచీరతోనే బయటికొచ్చి, వరండాలో చతికిలబడి, కొడుకు చూస్తుండగా పూతరేకును ఒళ్లోకి తీసుకున్నారు. అది అలవాటైన చోటే ముక్కు దూర్చుకుంది.

"నేనేరా. ఆ పోతురాజుకి రావద్దని చెప్పు."

ఆయన నా వైపు చూశారు. ఇరవై రెండేళ్లుగా ఆయన అలా చూసినప్పుడల్లా నేనే ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్ని. ఈసారి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.