ఓల్వెన్ ఆంటీ మూల

ఎమ్రిస్ కడిగిన గిన్నెలు నేను మళ్ళీ కడుగుతాను. ముప్ఫై ఆరేళ్ళుగా ఇదే వరస. పాల లారీ నడపడం మానేసి ఇంటిపట్టున ఉంటున్నప్పటి నుంచీ మరీ ఎక్కువైంది, ఎందుకంటే ఇప్పుడాయన నాకు సాయం చేస్తున్నాడు. మూకుడు అడుగున కొవ్వు అలాగే ఉంటుంది. చెంచాలకి గుడ్డుసొన ఎండి అంటుకుని ఉంటుంది. ఏమన్నా అంటే, "నాకు చేతకాదు కదా నెస్టా, నీ చేతిలో ఉన్న పనితనం నాకెక్కడిది?" అని నవ్వుతాడు. కొత్తలో ఆ మాటకి పొంగిపోయేదాన్ని. నన్ను మునగచెట్టు ఎక్కించి తను కింద తాపీగా పేపరు చదువుకుంటున్నాడని తెలియడానికి పదేళ్ళు పట్టింది. నేను పనిచేసే బడి వంటగదిలోనూ అంతే. "నెస్టా లేకపోతే ఈ బడే నడవదు" అని హెడ్మాస్టరు అందరి ముందూ అంటాడు. వంటగది తలుపు ఊడి రెండేళ్ళయింది, అది బాగు చేయించమంటే మాత్రం "చూద్దాం" అంటాడు.

గురువారం మధ్యాహ్నాలు మాత్రం నావి. రెండు గంటలకి చాపెల్ వెనక గదిలో ఆరుగురం ఆడవాళ్ళం బొంత చట్రం చుట్టూ కూర్చుంటాం. ఆ చట్రం నాకంటే పెద్దది, వయసులో. ఎర్ర ఫ్లానెలు, బూడిదరంగు ఫ్లానెలు ముక్కలు అతికి, మధ్యలో మా గుంపులో గొర్రెలు పెంచే గ్లెనిస్ తెచ్చే ఉన్ని పరిచి, దాని మీద నత్త చుట్లూ ఆకులూ కుడతాం. ఒక చేయి పైన సూదితో, రెండో చేయి బొంత కింద సూది మొన కోసం కాసుకుని. నోళ్ళు మాత్రం ఖాళీగా ఉండవు. ఎవరి మొగుడికి మోకాళ్ళ నొప్పులో, ఎవరి కోడలు ఏమందో అన్నీ ఆ ఉన్నిలోకే పోతాయి. ఏడాదికోసారి గొర్రెల వాసన కొట్టే గ్లెనిస్ వ్యానెక్కి, పాత బొంతలు ఎక్కడ చూపిస్తున్నారంటే అక్కడికి పోతాం. ఒకసారి డర్హమ్ దాకా పోయి, దారి తప్పి, రోడ్డు పక్కన బారా బ్రిత్ అనే ఎండుపళ్ళ రొట్టె ముక్కలు తింటూ కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వుకున్నాం. "షాపులో ఇంతకంటే వెచ్చటి రజాయి దొరుకుతుంది, దీనికోసం ఆరుగురు ఏడు నెలలు కూర్చోవాలా?" అంటాడు ఎమ్రిస్. వెచ్చదనం కోసమని నేనెప్పుడన్నానని?

నాకు సూది పట్టడం నేర్పింది ఓల్వెన్ ఆంటీ. ఎనభై ఒకటి ఆవిడకి. ఒకప్పుడు అంగుళానికి పది కుట్లు, గీత గీసినట్టు వేసేది. కిందటేడాది నుంచి చేయి వణుకుతోంది. ఇప్పుడు ఆవిడ కుట్లు పొడవుగా, ఎగుడుదిగుడుగా పడుతున్నాయి. నిద్రలో కాలిగోరు తగిలి దారం ఊడొచ్చే రకం. అలాంటి వాటిని మేం గోరుకుట్లు అంటాం. మామూలుగా అయితే ఎవరూ పట్టించుకోరు. కానీ ఈసారి సంగతి వేరు. ఆదివారం ప్రార్థనకి పదిమంది కూడా రావడంలేదని శరదృతువులో చాపెల్ మూసేస్తున్నారు. జిల్లా వ్యవసాయ ప్రదర్శనలో మా గుంపుకి మొదటి బహుమతి ఎన్నడూ రాలేదు. చాపెల్ పేరు మీద పంపే ఆఖరి బొంత ఇదే. గుంపుకి పెద్ద గ్లెనిస్. మొదటి బహుమతికిచ్చే ఆ ఎర్ర రిబ్బను మీద ఆవిడ ప్రాణాలన్నీ పెట్టుకుంది.

ఫిబ్రవరిలో ఒక గురువారం, ఓల్వెన్ ఆంటీ కోటు తొడుక్కుని వెళ్ళిపోయాక, గ్లెనిస్ నన్ను ఆగమంది. "ఆవిడ వేసినవి కాస్త విప్పి మళ్ళీ వెయ్యవే. నీ చేయయితే తేడా తెలీదు. నీ పనితనం ఇంకెవరికుంది?" అంది. నాకు తెలిసిన పాటే. అయినా చెట్టెక్కాను. అది మొదలు ప్రతి గురువారం ఆవిడ వెళ్ళిపోగానే, ఆవిడ రెండు గంటల పని నేను కొక్కెంతో ఇరవై నిమిషాల్లో విప్పేసి, మళ్ళీ కుట్టేదాన్ని. ఆవిడకి కళ్ళు సరిగా ఆనవు, ఏమీ తెలియదు అనుకున్నాం. ఆవిడ కళ్ళ సంగతి ఆవిడని అడిగినవాళ్ళు లేరు.

జూన్ చివర బొంత చట్రం మీంచి దిగింది. విప్పి కుట్టాల్సింది కుడివైపు కింది మూల ఒక్కటే మిగిలింది. జానెడున్నర మేర, అంతా ఓల్వెన్ ఆంటీ చేతిదే. "ఇంటికి తీసుకుపోయి నెమ్మదిగా చెయ్యి" అని గ్లెనిస్ దాన్ని పాత దుప్పట్లో చుట్టి నా చేతిలో పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని, బొంత ఒళ్ళో పరుచుకుని, కొక్కెం తీశాను. మొదటి దారం కింద దాన్ని దూర్చగానే నా చేయి ఆగిపోయింది. నేను కూర్చున్న ఆ తీరు, మెడ వంచిన తీరు నాకు తెలుసు. మా అత్తగారిది. మా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు వాడికోసం చిన్న బొంత కుట్టాను. సూది కొత్త, పొట్ట అడ్డం, అయినా మూడు నెలలు కూర్చుని కుట్టాను. ఒకరోజు మేడ దిగి వస్తే ఇదే కిటికీ పక్కన అత్తగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని నా కుట్లు ఒక్కొక్కటే పీకుతోంది. "నీకింకా చెయ్యి తిరగలేదు కదమ్మా. సరిచేసి పెడుతున్నాలే. చూసేవాళ్ళు నవ్వకూడదు కదా, నీ మంచికే" అంది. నేను థాంక్స్ అత్తయ్యా అన్నాను. నిజంగానే అన్నాను. పురిటికి వచ్చిన వాళ్ళందరూ ఆ బొంత ఎంత బాగుందో అన్నారు, అత్తగారు నవ్వుతూ నా భుజం తట్టింది. వాడు నాలుగేళ్ళు దానికింద పడుకున్నాడు. దాని మీద నా కుట్టు ఒక్కటీ లేదు. ఇన్నేళ్ళూ అది తలచుకుంటే కడుపు రగిలేది. ఇప్పుడు చూస్తే ఐదు నెలలుగా నేను చేస్తున్నదీ అదే, అదే కిటికీ పక్కన, అంత శ్రద్ధగానూ. నా మీద నాకే అసహ్యం వేసింది.

బొంత మళ్ళీ దుప్పట్లో చుట్టి కారులో వేసుకుని ఓల్వెన్ ఆంటీ ఇంటికి పోయాను. ఆవిడ వంటింట్లో బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది, సగం గిన్నెలో, సగం నేల మీద. నిలబడే చెప్పేశాను. ఆవిడ తలెత్తలేదు.

"తెలుసు" అంది.

"ఎప్పట్నుంచి?"

"రెండో వారం నుంచి. విప్పిన చోట పాత సూదిబొక్కలు పోవు కదే పిల్లా. చేయి వణుకుతోంది గానీ కళ్ళకేమైంది నాకు? పైగా నీ కుట్టు బిగుతు. దారానికి ఊపిరాడనివ్వవు. అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నా."

"మరి అడగలేదేం ఆంటీ?"

"అడిగితే ఏం చేస్తారు? పాపం అని జాలిపడి టీ కాచే పనిలో పెడతారు. అరవై ఏళ్ళు కాచాను టీ. నాన్నకి, మొగుడికి, పాదిరిగారికి. ఇప్పుడు నా కొడుకు నా చేతిలో కెటిలు కూడా లాక్కుంటున్నాడు, ఒలకబోస్తానని. నేను చేశానని చెప్పుకునేది ఆ రెండు గంటలే." బఠాణీకాయ ఒకటి రెండుసార్లు జారిపోయి మూడోసారి విచ్చుకుంది. "మీలో ఒక్కతైనా నా ముఖం చూసి చెబుతుందేమోనని చూశాను."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఊరడించలేదు. "కూర్చో, కూర్చుని ఒలువు" అంది.

గురువారం బొంత తీసుకెళ్ళి బల్ల మీద పరిచాను. ఓల్వెన్ ఆంటీ పక్కనే కూర్చుని ఉంది. "ఈ మూల విప్పలేదు. ఇకమీదట ఎవరి కుట్టూ విప్పను" అన్నాను.

గ్లెనిస్ ముఖం ఎర్రబడింది. "నేనేదో చెడ్డదాన్నయినట్టు మాట్లాడకు నెస్టా. ఎనిమిదేళ్ళు తిరిగాం ఆ రిబ్బను కోసం. వచ్చే ఏడాదికి ఈ గదే ఉండదు. పేరు మిగలాలనుకోవడం తప్పా?" నాకు జాలేసింది, ఆవిడ అడిగేదీ అన్యాయమేమీ కాదు.

"తప్పు కాదులే గ్లెనిస్" అంది ఓల్వెన్ ఆంటీ. "విప్పాలంటే నేనే విప్పుతాను. నన్నడుగు. నా ముఖం చూసి అడుగు."

గ్లెనిస్ ఆ మూలని చూసింది, ఆవిడ చేతిని చూసింది, మళ్ళీ మూలని చూసింది. అడగలేకపోయింది. లేచి, "టీ నేను కాస్తాను" అని పొయ్యి దగ్గరికి పోయింది. ఎనిమిదేళ్ళలో గ్లెనిస్ టీ కాచడం అదే మొదలు. నీళ్ళలా ఉంది. అయినా అందరం కప్పులు ఖాళీ చేశాం.

ఆ సాయంత్రమే, శరత్తు తర్వాత చట్రం మా ముందు గదిలో ఉంటుందని ఎమ్రిస్‌తో చెప్పాను. "నా కుర్చీ ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు. "నీకెక్కడ బాగుంటే అక్కడ" అన్నాను. నేను అడగలేదనీ, చెప్పాననీ ఆయనకి రాత్రి భోజనం దగ్గర అర్థమైంది.

ఆగస్టులో ప్రదర్శనకి ఆరుగురం వ్యానులో పోయాం. పక్క డేరాలో పొట్టేళ్ళకి బహుమతులిస్తున్నారు, వాటి అరుపుల మధ్య మా బొంత వేలాడుతోంది. ఎర్ర రిబ్బను కార్డిగన్ ఊరివాళ్ళకి పోయింది. మాకు ఏ రిబ్బనూ లేదు. ఎర్ర నత్తచుట్లు మాత్రం ఎండ వెలుగులో ఎంత బాగున్నాయో, మాదేనా ఇది అనిపించింది. మూలన పిన్నుతో గుచ్చిన కార్డు మీద న్యాయనిర్ణేత నల్ల సిరాతో రాసిన మాటలు గ్లెనిస్ పైకి చదివింది. "ఉన్ని పరచడం, రంగుల పొందిక చాలా బాగున్నాయి. కుడివైపు కింది మూల కుట్లు పొడవు, వంకర. ఆ మూల వేరొకరి చేతి పని అని స్పష్టంగా తెలుస్తోంది."

నేను ఓల్వెన్ ఆంటీ వైపు చూడలేకపోయాను. ఆవిడే ముందుకొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, కార్డుని తనంతట తాను రెండుసార్లు చదివింది. వణికే వేళ్ళతో పిన్ను తీయడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చెయ్యబోలేదు. కార్డు తీసి మడత పడకుండా చేతిసంచిలో పెట్టుకుంది.

"అదేమిటి ఓల్వెన్, అది మనందరిదీ" అంది గ్లెనిస్.

"కాదమ్మా" అంది ఓల్వెన్ ఆంటీ, సంచి మూస్తూ. "ఇది నాది."