పప్పులో పోసిన వాననీళ్లు

"సౌందర్యా, ఇంకో పదిమందికి చాయ్!" వాకిట్లోంచి భర్త యుగేందర్ కేక వేసేసరికి సౌందర్య కుండీకి ముక్కు ఆనించి కూర్చునుంది. హీత్ మొక్క మొగ్గ వేసింది. బియ్యపు గింజంత గులాబీ గంటలు! పెళ్లయిన కొత్తలో ఊటీ నుంచి జనగామ దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. సూదుల్లాంటి ఆకులు, ఏడాదంతా పచ్చదనం, మహా సుకుమారం. సున్నం ఉన్న బోరునీళ్లు దానికి పడవు. అందుకే వాన పడ్డప్పుడల్లా చూరు కింద గంగాళం పెట్టి పట్టుకునేది. చదివిన బోటనీ ఈ ఇంట్లో పనికొచ్చింది ఆ ఒక్క కుండీ దగ్గరే.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక పంతులు యుగేందర్‌కు బడి లేదు. ఇంటి నిండా ఉద్యమ మిత్రులే. అది చూస్తే ఆమెకూ గర్వమే, సంబరమే. గిన్నెలకు మాత్రం సమ్మె రాలేదు.

నిరసనగా రోడ్డు మీదే వండి తినే వంటావార్పు రోజు పొద్దున చూస్తే గంగాళం ఖాళీ.

"బోరునీళ్లల్ల పప్పు ఉడుకుతదా బిడ్డా? గా నీళ్లు పోసిన, ఎన్నలెక్క మెత్తగ అయింది," అంది అత్త వెంకటనర్సమ్మ మురిసిపోతూ.

"పరేషాన్ గాకు. మొక్కకు బకెట్ నిండ బోరునీళ్లు నేనే పోసిన," అన్నాడు యుగేందర్.

సౌందర్య కుండీ వంచి నీళ్లు ఒంపేసింది. మొగ్గలు నిలుస్తాయో రాలుతాయో వారం ఆగితే గానీ తెలియదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? ఆనాడు ఊటీ నుంచి వస్తూ బస్సులో ఆమె కునికితే ఆ మొక్కను పట్టుకున్నది అతనే. పప్పుకు నీళ్లు కావాలంటే తనే ఇచ్చేది. కానీ అడగాలని ఒక్కరికీ తోచలేదు. నీళ్లే కాదు, చాయ్ పెడతావా అని, రోడ్డు మీద వండుతావా అని కూడా ఎవరూ అడగలేదు.

రోడ్డు మీద పొయ్యిల దగ్గర ఆడవాళ్లు, టెంటు కింద మగవాళ్లు.

"వదినా, పప్పు మస్తుగుంది!"

"మా ఇంటామె చెయ్యి మరి," నవ్వాడు యుగేందర్. "సౌందర్యా, గీ వరుసకు వడ్డించు."

ఆమె నవ్వుతూనే వచ్చి గరిటె అతని చేతిలో పెట్టింది. కొంగుతో చెమట తుడుచుకుని, టెంటు కిందికి వెళ్లి ముందు వరుసలో చాప మీద కూర్చుంది. పక్కనున్న ఉద్యమ మిత్రుడు పోశాలు కంగారుగా జరిగాడు.

"వదినా, గిది సమ్మె చేసేటోళ్ల జాగ."

"ఎరికే అన్నా. అందుకే వచ్చిన."