త్రివేణి రెండు గొంతులు

2022 ఫిబ్రవరి 3, గురువారం, ఉదయం ఏడు గంటల పదకొండు నిమిషాలు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని అరోరాలో ఆ సమయానికి పదహారు డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సెల్సియస్‌లో మైనస్ తొమ్మిది. మంచు ముందురోజు సాయంత్రమే ఆగిపోయింది, వాయవ్యం నుంచి గాలి వీస్తోంది. వంటింటి కిటికీ బయట వేలాడే థర్మామీటర్ చూసి నేను ఈ వివరాలు డైరీలో రాసుకుంటూ ఉండగా, పక్కింటి త్రివేణి ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులో నడిచి వచ్చి మా తలుపు కొట్టింది. ఒంటిమీద కోటు లేదు. చేతిలో ల్యాప్‌టాప్ ఉంది.

నేను రాష్ట్ర ప్రజారోగ్య శాఖలో ముప్పై మూడేళ్లు గణాంక నిపుణురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా వీధిలోని తెలుగువాళ్లకు డాక్టర్ రిపోర్టులో అంకెలు అర్థం కాకపోతే ఉమా ఆంటీ దగ్గరికి రావడం అలవాటు. ఆ రోజు త్రివేణి తెచ్చింది మాత్రం వాళ్ల కంపెనీ హెచ్‌ఆర్ విభాగం పంపిన మెయిల్.

కోవిడ్ వల్ల గత రెండేళ్లలో ఆ కంపెనీ ఇంటర్వ్యూలన్నీ ఫోన్‌లోనే జరిగాయి. ఒకరి పేరుతో మరొకరు ఇంటర్వ్యూకి జవాబులు చెప్పిన సంఘటనలు కొన్ని బయటపడడంతో, కంపెనీ గొంతులను పోల్చే సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చి, అలా చేర్చుకున్న ఆరు వందల మందినీ పరీక్షించింది. ఇంటర్వ్యూలో మాట్లాడిన వ్యక్తి, ఇప్పుడు మీటింగుల్లో మాట్లాడుతున్న త్రివేణి ఒకరు కారని ఆ సాఫ్ట్‌వేర్ తేల్చింది. దాని ఖచ్చితత్వం తొంభై అయిదు శాతమట. సోమవారం పది గంటలకు వీడియో సమావేశం, తోడుగా ఒకరిద్దరిని తెచ్చుకోవచ్చు, సంతృప్తికరమైన వివరణ లేకపోతే ఉద్యోగం నుంచి తొలగిస్తాం అని మెయిల్ ముగిసింది.

ఉద్యోగం పోతే హెచ్-1బి వీసా మీద ఉన్న త్రివేణికి మిగిలేది అరవై రోజులు. ఆలోపు మరో కంపెనీ దొరకాలి, లేదా దేశం విడవాలి. ఆమె భర్త ఫణి వీసా కూడా ఆమె వీసాకే ముడిపడి ఉంది.

"నేనే మాట్లాడిన ఆంటీ. ఒట్టు," అంది త్రివేణి. "కానీ నైంటీ ఫైవ్ పర్సెంట్ అంటున్నరు. ఎవరు నమ్ముతరు నన్ను?"

ఆమె వెనకే షూ లేసులు కట్టుకోకుండా వచ్చిన ఫణి తడి పాదాలు తుడుచుకుంటూ అన్నాడు. "వాట్సాప్ గ్రూప్‌లో అడిగానండీ. సైలెంట్‌గా రిజైన్ చేసేయమంటున్నారు. ఇలాగే రిజైన్ చేసిన పన్నెండు మందికీ నెలలోపే జాబ్ వచ్చిందట."

"దొరకనివాళ్లు ఏమంటున్నారు?"

"గ్రూప్‌లో అలాంటివాళ్లు ఎవరూ లేరు ఆంటీ."

"ఎందుకు లేరు?"

ఫణి ఫోన్‌లో గ్రూప్ సభ్యుల పేర్లు పైనుంచి కిందికి చూశాడు. "ఇండియా వెళ్లిపోయినవాళ్లు గ్రూప్‌లోంచి ఎగ్జిట్ అయిపోతారు," అన్నాడు మెల్లగా.

"అయితే ఆ పన్నెండుకు అర్థం లేదు. కాఫీ తాగుతారా?"

మందుల షాపు కాగితపు సంచి వెనక్కి తిప్పి పెన్సిల్‌తో పట్టిక గీశాను. ఆరు వందల మందిలో నిజంగా మోసం చేసినవాళ్లు ఎందరో ఎవరికీ తెలియదు, కనుక నూటికి ఒకరు అనుకుందాం. ఆరుగురు. మిగిలిన అయిదు వందల తొంభై నాలుగు మంది నిజాయితీపరులు. సాఫ్ట్‌వేర్ నూటికి అయిదుసార్లు పొరబడితే ఈ నిజాయితీపరుల్లోనే దాదాపు ముప్పై మందిని దొంగలని అంటుంది. ఆరుగురు అసలు దొంగలనూ పట్టుకుందనుకున్నా, వేలెత్తి చూపించిన ముప్పై ఆరు మందిలో ముప్పై మంది ఏ తప్పూ చేయనివాళ్లే.

త్రివేణి ఆ సంచిని తనవైపు తిప్పుకుని రెండుసార్లు కూడింది. "అంటే నా మీద అనుమానం తొంభై అయిదు కాదు. ఆరింట ఒకటి."

"అవును. కానీ సోమవారం దీన్ని చూపిస్తే, నువ్వు ఆ ఆరుగురిలో ఒకరివి కావని ఎలా నమ్మాలి అంటారు. ఇంకో ప్రశ్న మిగిలింది. ఆరు వందల మందిలో యంత్రం నీ దగ్గరే ఎందుకు పొరబడింది? మెయిల్‌తో పాటు రికార్డింగులు పంపారా?"

రెండు పంపారు. మొదటిది జనవరిలో జరిగిన టీమ్ మీటింగ్, అందులో నాకు తెలిసిన త్రివేణి ఉంది. రెండోది ఇంటర్వ్యూ. ల్యాప్‌టాప్‌లోంచి వచ్చిన గొంతు విని నేను కాఫీ కప్పు కింద పెట్టేశాను. బరువైన, నిదానమైన గొంతు. నాలుక మడిచి పలికే ర-కారాలు, ప్రతి వాక్యం చివర కొంచెం కిందికి దిగే రాగం.

ఫణి భార్యవంక చూశాడు. "ఇదెవరు? పెళ్లిచూపుల్లో ఈ గొంతుతో మాట్లాడి ఉంటే నేను ఇంకోసారి ఆలోచించుకునేవాణ్ణి."

"నువ్వు నోర్ముయ్యి," అని త్రివేణి నావైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి. "అమీర్‌పేట్ కోచింగ్‌ల నేర్పించిన్రు ఆంటీ. మూడు నెలలు. అద్దం ముంగట నిలబెట్టి, మీ ఇంటి ఇంగ్లిష్ ఇంటికాడ వదిలేసి రాండి అనేటోడు మా సార్. ఇంటర్వ్యూ అంటే ఆ గొంతు దానంతట అదే వస్తది. జాబ్ వచ్చినంక మళ్ల ఎప్పుడూ మాట్లాడలే. సిగ్గనిపిస్తది."

కారణం దొరికింది. యంత్రం చేసే పొరపాట్లు అందరిమీదా సమానంగా పడవు, రెండు గొంతులు అలవరచుకున్నవాళ్ల మీదే కుప్పగా పడతాయి. అయితే దొరికిన కారణం మనకు నచ్చినంత మాత్రాన నిజం కాదు. అందుకని ఏం జరిగితే నా ఊహ తప్పని ఒప్పుకోవాలో ముందే రాసిపెట్టాలన్నాను. సమావేశంలో త్రివేణి ఇంటర్వ్యూ రికార్డింగులోని వాక్యాలనే ఆ గొంతుతో చదువుతుంది, యంత్రం పాత రికార్డింగుతో పోలుస్తుంది. కుదరకపోతే నా ఊహ తప్పు. రెండోది, యంత్రం పట్టుకున్నవాళ్లలో అసలు మోసగాళ్లు ఆరుగురికి అటూ ఇటూగానే తేలాలి.

"కుదరకపోతే?" అన్నాడు ఫణి.

"తప్పని తేలే దారి లేని ఊహను వాళ్లెందుకు నమ్మాలి? నువ్వు నమ్ముతావా?"

శుక్రవారం మధ్యాహ్నం ఆ రెండు అంచనాలనూ త్రివేణి చేత హెచ్‌ఆర్ అధికారి డయాన్‌కు పంపించాను. ఈలోపు ఆ గొంతు సాధన చేయవద్దన్నాను. సాధన చేస్తే తర్వాత ఎవరైనా అనుకరణ అనవచ్చు.

సోమవారం పది గంటలకు మా భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. తెరమీద డయాన్, పక్క చట్రంలో త్రివేణి విభాగానికి డైరెక్టర్ జితేందర్. కరీంనగర్ నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయిన మనిషి. డయాన్ ఆ వాక్యాలు చదవమంది. త్రివేణి చదివింది. గొంతు సగం అది, సగం ఇది. యంత్రం అరవై ఒకటి చూపించింది. ఒకే మనిషి అనాలంటే తొంభై దాటాలి.

ఫణి బల్ల కింద తన మోకాలు తానే పట్టుకున్నాడు. నేను నాలుగు రోజుల నాటి మాటల్లోకి వెనక్కి వెళ్లాను. అద్దం ముందు నిలబెట్టి నేర్పారు. త్రివేణి కూర్చుని ఉంది.

"లేచి నిలబడమ్మా," అన్నాను.

ఆమె లేచింది. కెమెరా ఆమె ముఖానికి అందేలా ల్యాప్‌టాప్ కింద రెండు బియ్యం డబ్బాలు పెట్టాం. భుజాలు వెనక్కి వెళ్లాయి, గడ్డం లేచింది, ఆ పరాయి గొంతు ఏ ప్రయత్నమూ లేకుండా వచ్చేసింది. యంత్రం తొంభై ఏడు అంది.

ఫణి చప్పట్లు కొట్టబోయాడు. నేను చేయి అడ్డం పెట్టి, రెండు ప్రయత్నాలనూ నమోదు చేసుకోమని డయాన్‌ను కోరాను. రెండింట ఒకసారి కుదరడం నాకు చాలదు. అనుమానానికి ఏమాత్రం తావులేని మరో మనిషిమీద అదే పరీక్ష చేయాలి, క్లయింట్లతో ఒక రకంగా, తన టీమ్‌తో మరో రకంగా మాట్లాడే మనిషైతే మంచిది అన్నాను.

డయాన్ చూపు తెరమీద పక్క చట్రం వైపు మళ్లింది. జితేందర్ నవ్వాడు. "ష్యూర్, రన్ మైన్," అని తన గొంతునే పరీక్షించమన్నాడు.

క్లయింట్లతో చేసిన కాల్ ఒకటి, టీమ్ మీటింగ్ ఒకటి, రెండూ కంపెనీ సర్వర్‌లోనే ఉన్నాయి. పోల్చడానికి పదకొండు సెకన్లు పట్టింది. ఫలితాన్ని డయాన్ పైకి చదవలేదు, తెరమీద పెట్టింది. ఇద్దరు వేర్వేరు వ్యక్తులు. ఖచ్చితత్వం తొంభై ఆరు శాతం.

జితేందర్ తెలుగులోకి వచ్చాడు. "ఆంటీ, ఇరవై రెండేండ్ల సంది ఈ దేశంల ఉన్న. గిప్పుడు నేనెవర్నో మీరే చెప్పాలె."

"మీకు కూడా అరవై రోజులే జితేందర్ గారూ," అన్నాడు ఫణి. ఆ మాట అర్థం కాకపోయినా డయాన్ కూడా నవ్వేసింది.

త్రివేణి ఇంకా నిలబడే ఉంది. నవ్వడం మాని డయాన్ అడిగింది, ఎంతమందికి ఇలాంటి మెయిల్ వెళ్లిందో తెలుసా అని. తెలియదన్నాను. ముప్పై నాలుగు మందికి అంది. నేను మందుల సంచి కెమెరాకు చూపించాను. అందులో ముప్పై ఆరు అని రాసి ఉంది.

ఆ సాయంత్రమే త్రివేణిపై విచారణ ముగిసిందని లేఖ వచ్చింది. రెండు వారాల్లో మిగిలిన ముప్పై ముగ్గురినీ మనుషులే, ఎదురెదురుగా మళ్లీ ఇంటర్వ్యూ చేశారు. నిజంగా మోసం చేసినవాళ్లు నలుగురు. నా అంచనా ఆరు. తేడా రెండు అని డైరీలో రాసుకున్నాను. ఉద్యోగం నిలిచిన మిగిలినవాళ్లలో అయిదుగురు మా ఇంటికి వచ్చారు. త్రివేణి వాళ్లను వంటింట్లో వరసగా నిలబెట్టి, ఇంటర్వ్యూ గొంతులు వినిపించమంది. అయిదుగురివీ అయిదు గొంతులు, అయిదింటి వెనకా ఒకే అమీర్‌పేట్ మాస్టారు. ఆ రోజు మా ఇంట్లో వినిపించిన నవ్వు పక్క వీధి దాకా వెళ్లిందని తర్వాత చెప్పారు.

2025 జూన్‌లో త్రివేణి అదే కంపెనీలో ఇంటర్వ్యూలు నిర్వహించే బృందానికి అధిపతి అయింది. అప్పటికి ఆ సాఫ్ట్‌వేర్ వాడకం ఆపేసి మూడేళ్ల నాలుగు నెలలు.