అట్టడుగు వరుసలో భూలక్ష్మి

నేను ఒక కంప్యూటర్‌ని. కీబోర్డూ యంత్రమూ ఒకే పెట్టెలో ఉండే పాతరకం దాన్ని. నాకు తెలుగు రాదు. వచ్చని ఊరంతా నన్ను పొగిడారు. ఆ పొగడ్తలు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎక్కడో విదేశంలో తయారై, తెనాలిలో నాంచారయ్య గారి వీడియో స్టూడియోకి చేరాను. పెళ్లి క్యాసెట్లకు పేర్లు వెయ్యడం నా పని. నాలో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే. అక్కడ పనిచేసే భూలక్ష్మి గళ్ల కాగితం మీద ‘అ’ గీసుకుని, ఒక్కో చుక్కా నా తెర మీదికి ఎక్కించింది. ‘క్ష’ దగ్గర ఎన్నిసార్లు చెరిపిందో! తలకట్లూ గుడులూ ఒత్తులూ అన్నీ ఆమె చేతివే.

పెళ్లివాళ్లు మెచ్చుకుంటే నాంచారయ్య గారు, “ఫారిన్ మిషనండీ, దానంతటదే రాసేస్తది,” అనేవారు. భూలక్ష్మి పక్కనే నిలబడి వినేది. నాకు నోరుంటే అప్పుడే కడిగేసేదాన్ని.

ఆమె మాత్రం అక్షరాలన్నీ వరసగా చూపే మొదటి బొమ్మలో అట్టడుగున ‘అక్షరాలు: భూలక్ష్మి’ అని చిన్నగా రాసుకుంది. ఆనాటి టీవీల్లో బొమ్మ అంచులు చట్రం వెనక్కి పోయేవి. ఆ వరుస ఎవరికీ కనబడలేదు.

స్టూడియో మూతపడ్డాక అటకెక్కాను. మొన్నీమధ్య ఒక కాలేజీవాళ్లు పాత యంత్రాల ప్రదర్శనకని దించారు. నేను పంపే బొమ్మ కొత్త టీవీలకు అర్థం కాదు. అందుకని ఫణీంద్ర అనే లెక్చరర్ మధ్యలో ఒక మార్పిడి పెట్టె తగిలించాడు. ఆ అక్షరాలు దాచిన నా ఫ్లాపీ అరిగిపోయింది, మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదు. ఈసారే బొమ్మను రికార్డు చేసుకోవాలని అతని ఆత్రం. టీవీ నిండాలని అడ్డంగా సాగదీసి, పైనా కిందా అంచులు కోసేశాడు. ‘అ’కు వాపొచ్చింది. అడుగు వరుస తెగిపోయింది.

ప్రదర్శన సంగతి విని భూలక్ష్మి తనే వచ్చింది. జుట్టంతా నెరిసింది.

“బాబూ, కింద నా పేరుండాలి. ఏదీ?”

“కొంచెం కట్టయిందమ్మా. అంత చిన్న లైను ఎవరు చూస్తారు?”

“ఎవరూ చూడలేదు కాబట్టే అడుగుతున్నా! అయ్యన్నీ నేను గీసినియ్యి. నన్ను కోసేసి నా రాత దాచుకుంటారా? అట్టయితే ఏ రికార్డూ వద్దు. తీగ పీకేస్తా!”

చెయ్యి నిజంగానే తీగ మీద ఉంది. పీకెయ్ తల్లీ, అనుకున్నాను.

ఫణీంద్ర మార్పిడి పెట్టె మీదికి వంగాడు. దాని మీటలు నొక్కుతూ పోయాడు. బొమ్మ కుంచించుకుంది. అక్షరాలు వాటి కొలతకు వచ్చాయి. అడుగు వరుస తేలింది.

అప్పుడే వచ్చిన ప్రిన్సిపాల్ మొహం చిట్లించారు. “రెండు పక్కలా ఆ నలుపేంటయ్యా? స్క్రీన్ నింపు.”

“నింపను సార్. బొమ్మ ఇంతే,” అంటూ ఫణీంద్ర రికార్డు మీట నొక్కాడు.

ప్రిన్సిపాల్ వంగి చదివారు. “ఎవరీ భూలక్ష్మి?”

“నేనేనండీ.”

ఫ్లాపీ ఆ రోజే ఆగిపోయింది. ఇప్పుడు నేను గాజుపెట్టెలో ఉన్నాను. పక్క టీవీలో ఆ రికార్డు తిరుగుతోంది. చూసేవాళ్లలో చాలామంది పై అక్షరాలకే మురిసిపోయి, కింద చదవకుండానే వెళ్లిపోతున్నారు. వాళ్లమీదా కోపమే నాకు.

ఆగండి. చివరిదాకా చదవండి. అక్కడ ఒక మనిషి ఉంది.